నడిచే శవములు, నవ్వే ప్రేక్షకులు

చచ్చినవాడు లేచి వచ్చుట తెలుగువారికి క్రొత్త సంగతి కాదు. విక్రమార్కుని భుజమెక్కిన శవము ఎన్ని కథలు చెప్పినదో, ఎన్ని చిక్కుప్రశ్నలు వేసినదో బడికి పోవు పిల్లవానికి గూడ తెలియును. కాని ఆ బేతాళునికి నోరున్నది, తర్కమున్నది, ఒకింత వేళాకోళము గూడ ఉన్నది. పల్లెలలో చెప్పుకొను దయ్యములకైనను పేరున్నది, ఊరున్నది, తీరని కోరికయో తీర్చని బాకీయో ఉన్నది. అది ఏల వచ్చినదో కనుగొని, అడిగినది ఇచ్చి పంపవచ్చును. పడమటి తెరపై 90 ఏండ్లకు పైగా తిరుగాడుచున్న ‘జాంబీ’ అట్టిది కాదు. దానికి పేరు లేదు, పగ లేదు, మాట లేదు. ఉన్నది ఆకలి యొక్కటే. ఇట్టి మూగశవముతో భయపెట్టుట పెద్ద విద్య కాదు. దానితోనే నవ్వించి, ఆ నవ్వు ఆరకముందే గొంతు పట్టునట్లు చేయుట మాత్రము కథాసంవిధానము తెలిసినవాడు చేయదగిన పని. ఆ పని ఎట్లు జరుగునో విప్పి చూచుట ఈ వ్యాసమున ఉద్దేశము.

జాంబీ అను మాట కరిబియను సముద్రమునందలి హైతీ దేశమునుండి వచ్చినది. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారు ఫ్రెంచి దొరల చెరకుతోటలలో గొడ్డుచాకిరి చేసి చచ్చిన నేల యది. చావుతోనైన చాకిరి వదలునన్న ఆశ వారికుండెను. ఆ ఆశను గూడ లాగికొను భయమే జాంబీ. మంత్రగాడు గోరీలోనుండి లేపి, మరల తోటలోనే పనికి పెట్టును. 1932లో వచ్చిన ‘వైట్ జాంబీ’ అను చిత్రములో చచ్చిన కూలీలు చెరకుమిల్లు త్రిప్పుచుందురు. ఒకడు జారి పడినను తక్కినవారు తలయెత్తి చూడరు. వెట్టిచాకిరి అనగా నేమో జనగామ ప్రాంతమువారికి ఎవరును నిఘంటువు తెరచి చెప్పనక్కరలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలియైనది ఆ వెట్టి చేయించుకొను దొరతనము నెదిరించిన పోరులోనే. హైతీ కూలివాని భయమును ఆ పల్లెల ముదుసలులు విన్నచో ఇది మా కథయే యనియుందురు.

అమెరికాలో జార్జి రొమేరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ ఈ శవమునకు మంత్రగానిని తొలగించి, మనిషిమాంసపు ఆకలిని అంటగట్టినది. చిత్రమేమనగా, ఆ చిత్రములోని పాత్రలు ‘జాంబీ’ అను మాటను ఒక్కసారియు పలుకరు. కథకు కావలసిన ముడిసరుకు అంతయు అందులో సిద్ధమైనది. ఒక మూసిన ఇల్లు. వెలుపల మెల్లగా నడచుచు ముసురుకొను గుంపు. లోపల ఒకరినొకరు నమ్మని మనుషులు. కాటు తగిలిన ఒక బాలిక. కాటునకు మార్పునకు నడుమ కొంత వ్యవధి ఉండుట గమనింపదగినది. కాటుపడిన వెంటనే మనిషి మారిపోయినచో కథ లేదు. ఆ నడిమి గడియలలో కాటుపడినవాడు ఇంకను మనవాడే, కాసేపటికి కాడు. దాచుట, అనుమానించుట, వీడ్కోలు చెప్పుట, చెప్పలేక మాట మార్చుట అన్నియు ఆ వ్యవధిలోనే ఇముడును.

భయమునకు నవ్వునకు యంత్రము ఒక్కటే. రెంటికిని నిరీక్షణ కావలెను, ఆ వెనుక ఎదురుచూడని దెబ్బ కావలెను. తలుపు వెనుక ఏదో ఉన్నదని ప్రేక్షకునికి తెలిసి, పాత్రకు తెలియకుండుట రెండింటికిని పెట్టుబడి. ఈ సంగతి గ్రహించినవారిలో మేటి, 2004లో ఇంగ్లండులో వచ్చిన ‘షాన్ ఆఫ్ ది డెడ్’ చిత్రమును తీసిన ఎడ్గర్ రైట్. కథను ఆయనయు, నాయకపాత్ర ధరించిన సైమన్ పెగ్గును కలిసి వ్రాసిరి.

కథానాయకుడు షాన్ ఇరువదితొమ్మిదేండ్లవాడు. విద్యుత్పరికరముల దుకాణములో గుమాస్తా. ప్రతిరాత్రియు అదే సారాయి అంగడి, అదే కుర్చీ, ప్రక్కన ఎడ్ అను సోమరి మిత్రుడు. ప్రియురాలు లిజ్ విసిగి విడిచిపోవును. తల్లికి ఇచ్చిన మాట మరచును. మారుతండ్రిని చూచిన గిట్టదు. శవములు లేవకముందే ఈతని బ్రతుకులో నాలుగు ముడులున్నవి. ఇదియే మొదటి సూత్రము. ఉపద్రవము క్రొత్త సమస్యను తేరాదు. ఉన్న సమస్యను వాయిదా వేయనీయకుండ చేయవలెను. జాంబీలను తీసివేసినను కథ నిలుచునా యని అడిగి చూడవలెను. ఈ చిత్రము నిలుచును. అనేక చిత్రములు నిలువవు.

చిత్రారంభమున బస్సులలో, అంగళ్ళలో, వీథులలో మనుషులు కన్నులు మూతలు పడుచు, కాళ్ళీడ్చుచు పనికి పోవుచుందురు. వారింకను బ్రతికియున్నవారే. షాన్ ఉదయము ఇల్లు వెడలి మూలనున్న దుకాణమునకు పోయివచ్చు దృశ్యము ఒకటి దీర్ఘముగా చూపబడినది. మరునాడు లోకము తలక్రిందులైన పిమ్మట అదే నడక, అదే వీథి, అదే దుకాణము మరల వచ్చును. శీతలపేటిక తలుపుపై నెత్తుటి చేతిముద్రలున్నవి. నేలపై కాలు జారుచున్నది. రోడ్డుపై తిరుగువారు మనుషులు కారు. షాన్ ఏమియు గమనింపడు. నిన్నటికిని నేటికిని భేదము కనిపెట్టలేని నిద్రమత్తులో అతడున్నాడు. ప్రేక్షకుడు పగులబడి నవ్వును. ఆ నవ్వు షాన్ మీదనా, తన మీదనా యన్న అనుమానము ఇంటికి పోవు త్రోవలో కలుగును.

ఇంతకంటె గడుసుపని మరొకటి ఉన్నది. లిజ్ విడిచిపోయిన రాత్రి మిత్రుడు ఎడ్ ఊరడింపుగా, రేపు ఏ పానీయముతో మొదలిడి ఏయే అంగళ్ళు తిరుగుదమో వరుసగా చెప్పును. త్రాగుబోతు వాగుడని విని ఊరకుందుము. కాని మరునాటి కథ యావత్తు అదే వరుసలో జరుగును. పానీయము పేరుతోనే ఉన్న మేరీ యను పిల్ల శవమై పెరటిలో నిలుచును. మారుతండ్రికి కాటు తగులును. తప్పించుకొనుటకు అందరును తూలుచు శవములవలె నటించి నడతురు. కడకు అంగడిలో తుపాకి పేలును. రెండవసారి చూచినవానికి గాని ఈ మర్మము తెలియదు. మన నాటకములలో నాందియందు కథార్థము సూచించుట కలదు. ఆ పని ఇక్కడ ఒక తాగుబోతు నోట జరిగినది.

జాంబీ మందగమనము కూడ హాస్యమునకు పనికి వచ్చినది. పెరటిలో రెండు శవములు వచ్చుచుండగా వానిపై గ్రామఫోను రికార్డులు విసరవలెనని మిత్రులు తలంతురు. కాని ఏది విసరవలెను, ఏది విసరరాదు? ఒక్కొక్క రికార్డును చూచి, ఇది మంచిది, ఇది పోయినను ఫరవాలేదని వాదించుచుందురు. శవములు పాపము మెల్లగా వచ్చుచునే యుండును. పరుగెత్తు శవములైనచో ఈ సంభాషణకు తావు లేదు.

ఇక ఆ తల్లి. మారుతండ్రి కారులో చనిపోవుచు, నిన్నెప్పుడును ప్రేమించితినని షానుతో చెప్పిన వెనుక, కథ నవ్వును వదలుచున్నదని తోచును. అంగడి చేరిన పిదప తల్లి చేతికి కాటు తగిలిన సంగతి బయటపడును. ఆమె త్రోవలోనే కాటుపడి, అందరికి ఇబ్బంది యగునని చెప్పక ఊరకున్నది. చిత్రమంతట ఆమె మర్యాదతనము నవ్వులకే పనికివచ్చినది. ఇప్పుడా మర్యాదయే గుండెను చీల్చును. ఆమెను చంపి తీరవలెనని ఒకడు తుపాకి యెత్తును. షాన్ అడ్డుపడును. ఆమె కన్నుమూసి మరల తెరచిన తరువాత ఆ తుపాకిని పేల్చవలసినవాడు షానే. నవ్వించుటకై నాటిన విత్తు ఇక్కడ ఏడ్పుగా మొలచినది. ఇట్టి చిత్రము మంచిదో కాదో చెప్పుటకు ఈ ఒక్క ఘట్టము చాలును. అంతవరకు నవ్విన ప్రేక్షకుడు ఇక్కడను నవ్వినచో కథకుడు ఓడినట్లే.

ముగింపులో ప్రభుత్వము మిగిలిన జాంబీలను చవుక కూలీలుగా వాడుకొనుచున్నదని టెలివిజను వార్తలలో తెలియును. అంగడి బండ్లు నెట్టుటకు అవి చాలునట! ఎక్కడ హైతీ చెరకుతోట, ఎక్కడ ఇంగ్లండు! కథ చుట్టు తిరిగి పుట్టినచోటికే చేరినది. మిత్రుడు ఎడ్ మాత్రము పెరటి కొట్టములో గొలుసుతో కట్టబడి, ఎప్పటివలెనే టెలివిజను ఆట ఆడుచుండును. చావు వానిలో పెద్ద మార్పేమియు తేలేదు.

ఈ సరుకును మనదేశమునకు తెచ్చినవారిలో ఇద్దరు తెలుగువారుండుట విశేషము. రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. అనువారు తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, అమెరికాలో ఉద్యోగములు చేసి, పిదప చిత్రరంగమునకు వచ్చినవారు. 2013లో వారు హిందీలో తీసిన ‘గో గోవా గాన్’లో ముగ్గురు మిత్రులు ఒక దీవిపై విందుకు పోయి చిక్కుకొందురు. అక్కడ పంచిన మత్తుమందే మనుషులను జాంబీలుగా మార్చినది. మరియొక మత్తుమందు, కొకెయిను పొడి, చల్లినచో అవి స్తంభించిపోవును. వ్యాధియు మందును ఒకే సంచిలోనివి! సైఫ్ అలీ ఖాన్ రష్యను వేషమున తుపాకితో దిగును. తీరా చూడగా ఢిల్లీవాడు. మాటలు చురుకైనవి. కాని ఆ ముగ్గురిలో ఎవనికిని పోగొట్టుకొనరానిది ఏదియు లేకుండుటచే భయము పైపైననే తేలిపోయినది.

తెలుగులో ఈ జాతి చిత్రము 2021 ఫిబ్రవరిలో వచ్చినది. ప్రశాంత్ వర్మ దర్శకత్వమున తేజ సజ్జా నాయకుడుగా నటించిన ‘జాంబీ రెడ్డి’ యది. కరోనా భయము గాలిలో నున్న దినములు. చిత్రము ఆ భయమునే నేపథ్యముగా గ్రహించినది. కంప్యూటరు ఆటలు తయారు చేయు యువకుడు, ఆటలో దొరలిన లోపము సవరించుటకై, పెండ్లికని కర్నూలు సీమకు పోయిన మిత్రుని వెదకుచు బయలుదేరును. అక్కడ పెండ్లికూతురి ఇల్లు ముఠాకక్షల ఇల్లు. ఆ కక్షల నడుమ జాంబీలు వచ్చి పడును.

పేరులోనే దర్శకుని తెలివి ఉన్నది. కక్షకు పేరు కావలెను, వంశము కావలెను, తాతనాటి లెక్క కావలెను. జాంబీకి ఇవేవియు అక్కరలేదు. కొరికినవాడు ఏ పక్షమువాడని అది విచారింపదు. వేటకొడవలి పట్టి తరతరముల పగ తీర్చుకొనబోయినవాడు, పగయే లేని శత్రువును ఎదుర్కొనవలసి వచ్చుట అసలైన హాస్యబీజము. మూసిన ఇల్లు, కత్తులు, బంధువుల గుంపు అన్నియు మన సినిమాలలో అదివరకే సిద్ధముగా నున్నవి, అరువు తేనక్కరలేకపోయినది. లోపము మరొకచోట ఉన్నది. మొదటి సగములో ఎక్కువ భాగము ప్రయాణమునకు, పెండ్లిహంగామాకు, కక్షల పరిచయమునకు పోయినది. నాయకుడు ఆటలోని లోపము దిద్దుటకై బయలుదేరినవాడు. ఆ చిక్కు అతని ప్రాణముతో ముడిపడినది కాదు. షానుకు తల్లి ఉన్నట్లు ఈతనికి కాటువలన పోగొట్టుకొనవలసినది ముందే నాటబడియున్నచో చిత్రము ఇంకను లోతుగా దిగియుండెడిది.

ఇట్టి కథ భూపాలపల్లి జిల్లా చెల్పూరులో జరుగుననుకొందము. కావలసిన సామగ్రికి కొదువ లేదు. 500 మెగావాట్ల యంత్రమొకటి, 600 మెగావాట్లది మరియొకటి గల కాకతీయ తాప విద్యుత్కేంద్రమున్నది. చుట్టు గోడలున్నవి, ఎత్తైన పొగగొట్టములున్నవి. దాపుననే భూపాలపల్లి సింగరేణి గనులు. గణపురములో కాకతీయులనాటి కోటగుళ్ళున్నవి. ఎవడైనను పారిపోయి దాగవలెనన్న అంతకంటె తగిన చోటు దొరకదు. రాత్రి పాళీ ముగించి తెల్లవారుజామున కాళ్ళీడ్చుచు ఇండ్లకు మరలు కార్మికులలో ఎవడు అలసినవాడు, ఎవడు చచ్చినవాడని చాయ త్రాగుచున్నవానికి తెలియకపోవుట మొదటి నవ్వు కావచ్చును.

అయితే చిక్కు అక్కడనే మొదలగును. లండనులో వీథిలో నడచు శవము ఎవరో పరాయివాడు. ఇక్కడ వచ్చునది కాక కావచ్చును, పెద్దవ్వ కావచ్చును. నిన్న పొలము గట్టు దగ్గర తగవుపడినవాడు కావచ్చును. కఱ్ఱ ఎత్తినవాడు మొదట వరుసపెట్టి పిలిచి చూచును, పలుకుమని బతిమాలును. పేరులేని శవము ఈ ఊరిలో అడుగు పెట్టగానే పేరుగలది యగును. పడమటి సంవిధానము మన నేలపై మారవలసినది ఇచ్చటనే. కాటుపడిన తల్లి చేతిని కొంగుక్రింద దాచుకొని, లోపలికి వచ్చినవారినందరిని బువ్వ తిన్నారా యని అడుగును. ఆ ప్రశ్నకు ప్రేక్షకుడు నవ్వవలెను. చేయి కనిపించునది ఆ తరువాత.