బడి గంటకు ముహూర్తం దొరకని రోజులు
తేదీలు మారుతూ పోతే పడమటి పల్లెల్లో ఏం జరిగింది?

(మన గ్రామీణ విలేకరి)

ఆదోని: వానకు కార్తె వుంది. మృగశిరలో పడకపోతే ఆరుద్రలో పడుతుందని రైతు ఓర్చుకుంటాడు. పత్తి ధరకు మార్కెట్ యార్డు వుంది. ఇవాళ పలకకపోతే వారం ఆగి మళ్ళీ బండి కడతాడు. 2020, 2021 సంవత్సరాల్లో బడికి మాత్రం కార్తె లేకపోయింది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల్లో ఏ రచ్చకట్ట దగ్గర నలుగురు చేరినా "బడి యెప్పుడు తెరుస్తారంట?" అన్న మాటే వినిపించేది. ఉపాధ్యాయుడు కనిపిస్తే ఉపాధ్యాయుడిని, సచివాలయం ఉద్యోగి కనిపిస్తే ఆయనను, ఎవరూ లేకపోతే పేపరు చదివేవాడిని పట్టుకుని అదే అడిగేవారు. జవాబు ఎవరి దగ్గరా లేదు. జవాబు వున్నదనుకున్న రోజున కూడా అది నిలవలేదు.

కరోనా వ్యాధి భయంతో ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాలలను 2020 మార్చి 19 నుంచి మూసివేశారు. అప్పుడు చెప్పిన గడువు మార్చి 31. పదమూడు రోజుల సెలవులే కదా అని పిల్లలు పుస్తకాల సంచులు కొయ్యకు తగిలించారు. మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. 24 రాత్రి ప్రధానమంత్రి టి.వి.లో మాట్లాడి దేశమంతా 21 రోజులు లాక్‌డౌన్ అన్నారు. అది అమలుకు వచ్చిన 25వ తేదీ ఉగాది. పచ్చడి తిన్న నోటితోనే పల్లెలన్నీ ముళ్ళకంపలు తెచ్చి పొలిమేరల్లో అడ్డం వేసుకున్నాయి.

ఏప్రిల్ 14తో తీరుతుందన్న గడువు మే 3 అయింది. మే 3 కాస్తా 17 అయింది. 17 పోయి 31 అయింది. లెక్క వేస్తే మొత్తం 68 రోజులు. జిల్లాలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ అని రంగులుగా విడదీశారు. కర్నూలుకు పడింది ఎరుపు. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రంలో కేసులు ఎక్కువగా వున్న జిల్లాల్లో మనది ముందు వరుసలోనే వుంది కనుక, ఆ రంగును తప్పు పట్టడానికి లేదు.

అసలు గోస పదో తరగతి పిల్లలది. వాళ్ళ పరీక్షలు మార్చి 23న మొదలు కావలసినవి. స్థానిక ఎన్నికల కారణంగా 31కి జరిపారు. ఎన్నికలూ వాయిదా పడ్డాయి, పరీక్షలూ వాయిదా పడ్డాయి. తరువాత పదకొండు పేపర్లను ఆరుకు కుదించి జూలై 10 నుంచి పెడతామన్నారు. దీపం కింద కూర్చుని చదివిన వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి పుస్తకం తిప్పారు. జూన్ 20న పరీక్షలు రద్దయ్యాయి, అందరూ పాసని ప్రకటించారు. బాగా చదివిన పిల్లకు అది పండగ కాలేదు. చదవనివాడికి, తనకు ఒకే మాట అయిందని ఆ పిల్ల బాధ.

ఇక బడులు తెరిచే తేదీల సంగతి. మొదట 2020 ఆగస్టు 3 అన్నారు. అది సెప్టెంబరు 5కు జరిగింది. ఉపాధ్యాయ దినం నాడు బడి తెరవడం శుభమేనని ఊళ్ళో సంతోషించారు. ఆ తేదీ అక్టోబరు 5 అయింది. అదీ దాటి నవంబరు 2కు పోయింది. కేంద్ర హోం శాఖ ప్రతి నెలాఖరుకు కొత్త నిబంధనలు ఇచ్చేది. అవి చూసుకుని, కేసుల లెక్క చూసుకుని రాష్ట్రం తన మాట చెప్పేది. వ్యాధి ఎటు పోతుందో పై వారికీ తెలియదు. అందుకు ఎవరినీ నిందించనక్కరలేదు. కాని తెలియనప్పుడు తెలియదని చెప్పడం ఒక పద్ధతి, తేదీ చెప్పి తప్పడం మరో పద్ధతి. "దసరా దాకా ఆశ పెట్టుకోవద్దు, ఆ తరువాత చూసి చెబుతాం" అని ఒక్క ముక్క చాటింపు వేయిస్తే పల్లె జనం దానికి తగ్గట్టు ఏర్పాటు చేసుకునేవారు. వచ్చే నెలలో బడి వుందనుకున్న తల్లి ఒక రకంగా ఇల్లు నడుపుతుంది. ఆరు నెలలు లేదని తెలిసిన తల్లి ఇంకో రకంగా నడుపుతుంది. ఈ తేడా పట్నం వారికి చిన్నదిగా కనిపించవచ్చు. సుగ్గికి పోయే కుటుంబాలకు అది చిన్నది కాదు.

సుగ్గి అంటే ఏమిటో ఈ మండలాల వారికి చెప్పనక్కరలేదు. ఊళ్ళో పని అడుగంటే నెలల్లో వంట సామాను, దుప్పట్లు మూటగట్టి, పసిపిల్లలతో సహా వాహనాలెక్కి గుంటూరు ప్రాంతానికి మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి పోవడం. ఉగాది నాటికి తిరిగి రావాలని చూస్తారు. 2020లో ఆ తిరుగు ప్రయాణానికే అడ్డం పడింది. ఉగాది నాటికి ఎందరో ఇంకా గుంటూరు చేలల్లోనే వున్నారు. గుంటూరూ ఎరుపే, కర్నూలూ ఎరుపే. వారాలు గడిచిన మీదట ప్రభుత్వం బస్సులు పెట్టి దఫదఫాలుగా సొంత మండలాలకు పంపింది. వచ్చిన వారిని నేరుగా ఇంటికి పోనీయలేదు. కొన్ని ఊళ్ళలో బడి గదులే క్వారంటైన్ గదులయ్యాయి. తాము చదువుకునే గదిలో అమ్మా నాయినా పడుకుని వుంటే కిటికీ అవతల నుంచి చూసిన పిల్లలు వున్నారు.

ఊరు విడిచి చేలల్లో గుడిసెలు వేసుకుని బతికిన ప్లేగు కాలం గురించి ముసలివాళ్ళు చెప్పుకునే మాటలు అప్పుడు మళ్ళీ బయటికి వచ్చాయి. ఆనాడు ఆదోని బళ్ళారి జిల్లాలో వుండేది. ఈనాడు ప్రభుత్వాలు చేతపట్టిన అంటువ్యాధుల చట్టం కూడా ఆ ప్లేగు రోజుల్లో, 1897లో పుట్టినదే.

వలస పోయిన వారి పిల్లలు ఊళ్ళోనే వుండి చదువుకోవడానికి సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు నడిచేవి. బడే లేనప్పుడు హాస్టలు ఎక్కడిది? 2020 నవంబరు, డిసెంబరు వచ్చేసరికి మళ్ళీ సుగ్గి కాలం. 9, 10 తరగతులకు, ఇంటర్ రెండో సంవత్సరానికి నవంబరు 2న తలుపులు తెరిచారు, అదీ రోజు విడిచి రోజు. చిన్న పిల్లలకు డిసెంబరు 14 అన్నారు. ఆ తేదీ వచ్చింది, పోయింది. ముసలి అవ్వ దగ్గర పిల్లను వదిలితే బడి లేదు, మధ్యాహ్న భోజనం వండే పొయ్యి లేదు. బియ్యం, కోడిగుడ్లు, చిక్కీలు ఇంటికి పంచారన్నది నిజమే. దానివల్ల కొంత మేలు జరిగింది కూడా. కాని పిల్లను కనిపెట్టుకుని వుండే మనిషిని పంచలేరు కదా! తల్లిదండ్రులు వెంట తీసుకుపోయారు.

అలా పోయిన తరువాత, 2021 ఫిబ్రవరి 1న, 1 నుంచి 5 తరగతులకు బడి తెరిచారు. అప్పటికి ఆ పిల్లలు గుంటూరు చేలల్లో మిరప సాళ్ళ మధ్య వున్నారు. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 13న వచ్చింది. పండగకు ఊరు చేరిన పిల్లవాడు మర్నాడు అంబేడ్కర్ జయంతి సెలవు కనుక 15వ తేదీన బడికి పోయాడనుకుందాం. వ్యాధి రెండోసారి విరుచుకుపడడంతో 1 నుంచి 9 తరగతులకు ఏప్రిల్ 20 నుంచి మళ్ళీ మూసేశారు. మధ్యలో ఆదివారం తీసేస్తే వాడికి దక్కింది నాలుగు రోజులు. అవీ ఒంటిపూట బడులు. ఆ ఏడాది మొత్తానికి వాడి చదువు అంతే.

ఊళ్ళోనే వున్న చిన్న పిల్లలకైనా దక్కింది రెండున్నర నెలలు. మళ్ళీ తలుపు తీసింది 2021 ఆగస్టు 16న. మొదట మూసిన నాటి నుంచి చూస్తే దాదాపు పదిహేడు నెలలు.

ఇంటి దగ్గర పాఠాలు లేకపోలేదు. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి వారికి 'విద్యామృతం' పేరుతో పాఠాలు వచ్చేవి. చెప్పిన వారు బాగానే చెప్పారు. వినడానికి టి.వి. వుండాలి, ఆ వేళకు కరెంటు వుండాలి, పిల్లవాడు ఇంట్లో వుండాలి. మూడూ కుదిరిన ఇళ్ళు ఊరికి ఎన్ని? సెల్‌ఫోను పాఠాల మాట ఇంకా విడ్డూరం. ఇంటికి ఒక్క ఫోను. అది నాయినతో పాటు చేనికి పోతుంది. సిగ్నల్ కోసం నీళ్ళ ట్యాంకు మెట్లెక్కిన పిల్లలకు పాఠం కంటే ఆటలే ముందు దొరికాయంటే ఆశ్చర్యమేముంది?

ఆ ఖాళీలో పిల్లలు ఊరకే కూర్చోలేదు. మగపిల్లలు గొర్రెల వెంట, ఆటోల వెంట పోయారు. పత్తి విత్తనం పండించే పొలాల్లో క్రాసింగ్ పనికి చిన్న చేతులు అడుగుతారన్న సంగతి ఈ జిల్లాకు కొత్త కాదు. ఆడపిల్లల విషయం చెప్పుకోవాలంటే నోరు రాదు. పెళ్ళికి యాభై మందికి మించరాదన్న నిబంధన పెట్టారు. ఊరందరికీ అన్నం పెట్టనక్కరలేదు, ఖర్చు కలిసివస్తుంది, బడి ఎలాగూ లేదు అని పద్దెనిమిది నిండని పిల్లలకు తాళి కట్టించిన ఇళ్ళు వున్నాయి. బడి ఫలానా తేదీన తెరుస్తారని గట్టిగా తెలిసి వుంటే ఆ పెళ్ళిళ్ళన్నీ ఆగేవని ఈ విలేకరి అనడం లేదు. కాని "వచ్చే నెల బడికి పోవాలి నాయినా" అని గడప దగ్గర నిలబడి చెప్పడానికి ఆ పిల్ల చేతిలో ఒక తేదీ అయినా వుండేది.

జనానికి మరింత మండింది మరొకందుకు. మద్యం దుకాణాలకు 2020 మే 4నే తేదీ దొరికింది. ధరలు పెంచారే గాని తలుపులు మాత్రం తెరిచారు. నవంబరు 20న తుంగభద్ర పుష్కరాలు మొదలయ్యాయి. నదిలో మునగనివ్వకపోయినా, ఘాట్ల దగ్గర ఏర్పాట్లన్నీ జరిగాయి. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. అన్నింటికీ ముహూర్తం వున్నది, పలక పట్టే పిల్లలకే లేకపోయిందా అని రచ్చకట్ట మీద అడిగిన వారికి ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

అయితే రెండో వైపూ చూడాలి. నవంబరులో బడులు తెరిచిన మొదటి మూడు రోజుల్లోనే రాష్ట్రం మొత్తంమీద 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు వ్యాధి వున్నట్టు పరీక్షల్లో తేలింది. హాజరైన లక్షల మందిలో అది తక్కువేనని అధికారులు అన్నారు. తల్లికి ఆ లెక్క పట్టదు. అంతవరకు బడి తెరవమని అడిగిన వారే మర్నాడు పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టారు. 2021 మే నెల తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే రాష్ట్రమంతా కర్ఫ్యూ. ఆ నెలలో బడి ఎప్పుడని అడిగిన వారు లేరు, ఆక్సిజన్ ఎక్కడ అని అడిగారు. జూన్ 7న పెట్టవలసిన పదో తరగతి పరీక్షలు ఆ ఏడు కూడా రద్దయ్యాయి.

ప్రైవేటు బడుల పంతుళ్ళది ఎవరూ లెక్కలోకి తీసుకోని కథ. బడి లేదు, ఫీజు లేదు, జీతం లేదు. తెరిచే తేదీ వచ్చే నెలే అంటుంటే ఊరు విడిచి వేరే పని వెతుక్కోలేరు, ఇంట్లో కూర్చోలేరు. సుద్దముక్క పట్టిన చేతులతో ఉపాధి హామీ పనుల్లో గడ్డపార పట్టిన వారు, కూరగాయల బండి తోసిన వారు వున్నారు. తుంగభద్ర అవతల తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి అలాంటి వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. నది ఇవతలి వారు ఆ వార్త పేపర్లో చదువుకున్నారు.

ఈ రెండేళ్ళ ఫలితం పరీక్ష జరిగిన నాడు బయటపడింది. 2019లో రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. తరువాత రెండేళ్ళు పరీక్షలు లేవు. 2022లో మళ్ళీ పెడితే పాసైంది 67.26 శాతం. ఆ పిల్లలు బడి మూసిన నాటికి ఎనిమిదో తరగతిలో వున్నవారు. ఫలితాల నాడు ఉపాధ్యాయులను తిట్టిన వారు వున్నారు, పిల్లలను తిట్టిన వారు వున్నారు. తేదీల పట్టిక తీసి చూసిన వారు తక్కువ.

పెద్ద తరగతుల వారి సంగతి పరీక్ష చెప్పింది. అచ్చులు, హల్లులు పట్టుబడక ముందే ఇంటికి వచ్చిన చిన్న పిల్లల సంగతి చెప్పడానికి పరీక్ష లేదు. బడులు తెరిచాక ఉపాధ్యాయులు పేర్లు పిలిస్తే కొన్ని పేర్లకు పలికినవారు లేరు. అలాంటి పేర్లను కంప్యూటరు లెక్కల్లో 'డ్రాప్ బాక్సు'లో వేస్తారు. వాళ్ళను వెతుక్కుంటూ ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగారు. తాళం వేసిన ఇళ్ళ దగ్గర పొరుగువారిని అడిగితే "సుగ్గికి పోయినారు సారూ" అన్న మాటే.

2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయింది. నంద్యాల వేరు పడింది, ఈ పడమటి మండలాలు కర్నూలులోనే మిగిలాయి. సుగ్గి ఆగలేదు. మళ్ళీ ఏ కారణంగానైనా బడి మూయవలసి వస్తే సుగ్గి బండ్లు కదలక ముందే తేదీ తేల్చి చెప్పాలని, చెప్పలేకపోతే ఎప్పటి దాకా లేదో అదైనా చెప్పాలని, సీజనల్ హాస్టళ్ళు మాత్రం మూయరాదని ఇక్కడి తల్లిదండ్రులు కోరుతున్నారు. 2020 మార్చిలో రెండో తరగతి పలకతో ఇంటికి వచ్చిన పిల్లలు, ఏడాదికొక తరగతి ఎక్కుతూ వస్తే, 2028లో పదో తరగతి పరీక్షలు రాయవలసి వుంది.