చీరల కేటలాగు పని బయటికివ్వొచ్చా?

ఇంటిపట్టున ఉండి చీరలమ్ముతూ నాలుగు రాళ్లు వెనకేసుకునే ఇల్లాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనిపిస్తున్నారు. మంగళగిరికో, ఉప్పాడకో వెళ్లి పాతిక ముప్పై చీరలు తెచ్చుకోవడం, ముందు గదిలో చాపేసి ఇరుగుపొరుగుకి చూపించడం... అలా మొదలవుతుంది. తర్వాత వాట్సాప్. ఆ తర్వాత ఆన్‌లైన్ అంగళ్లు. బీరువాలో చీరలు నూరు దాటేసరికి అసలు కష్టం తెలిసొస్తుంది. అమ్మడం కాదండీ కష్టం, రాయడం! ప్రతి చీరకీ నాలుగు ఫోటోలు తీయాలి. నూలా, పట్టా, పొడవెంత, జాకెట్టు ముక్క ఉందా, ధరెంత, అన్నీ రాయాలి. అమ్ముడుపోయినదాన్ని తీసెయ్యాలి, కొత్తది ఎక్కించాలి. మధ్యాహ్నం కునుకు పోతుంది. రాత్రి ఆ చికాకంతా పిల్లల హోంవర్క్ మీద చూపిస్తాం.

సరిగ్గా అప్పుడే ఒక ఫోనొస్తుంది. "మేడమ్, మీ కేటలాగు, స్టాకు లెక్క అంతా మేం చూసుకుంటాం. చీరకి ఇంతని ఇవ్వండి చాలు. పాస్‌వర్డు చెప్పేసి మీరు నిశ్చింతగా ఉండండి" అని.

ఆ మాట ఎంత తీయగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మరి ఒప్పుకోవచ్చా?

వెనకటి రోజుల్లో మన ఇళ్లలో చాకలిపద్దని ఒక పుస్తకం ఉండేది. దుప్పట్లు 4, చొక్కాలు 7, లంగాలు 3 అని ఇల్లాలే రాసుకునేది. ఉతుకు బయటికిచ్చేవాళ్లం గానీ పద్దు ఇవ్వలేదు. కేటలాగు వ్యవహారం కూడా అచ్చంగా అలాంటిదే. పైకి ఒక పనిలా కనిపిస్తుంది గానీ అందులో రెండున్నాయి. సరుకుని చక్కగా చూపించడం ఒకటి. ఈ నిమిషాన బీరువాలో ఏముందో, ఏది లేదో చెప్పడం రెండోది. మొదటిది డబ్బిచ్చి చేయించుకోవచ్చు. రెండోదాని దగ్గరే ఇబ్బందులన్నీ.

ఒక్కటే ఉన్న చీర

నేత చీరల్లో ఒక రంగుకి ఒకటో రెండో ఉంటాయి. మిరపపండు రంగుకి చిలకపచ్చ అంచున్న మంగళగిరి చీర మీ దగ్గర ఒక్కటే ఉందనుకోండి. మూడింటికి పక్కింటి పిన్నిగారు వచ్చి పట్టుకెళ్లారు. ఎక్కడో ఇంకో ఊళ్లో కంప్యూటరు ముందున్న కుర్రాడికి ఆ సంగతెలా తెలుస్తుంది? మీరు చెబితేనే కదా. పిన్నిగారికి కాఫీ ఇచ్చి, కబుర్లలో పడి మీరు చెప్పడం మర్చిపోయారు. నాలుగున్నరకి హైదరాబాదులో ఒకావిడ అదే చీరకి డబ్బు కట్టేసింది. కూతురి ఓణీల ఫంక్షన్‌లో కట్టుకుందామని ఏరికోరి ఎంచుకుంది పాపం. ఇప్పుడేం చేస్తారు? డబ్బు వెనక్కి పంపినా ఆవిడ మళ్లీ మీ దగ్గర కొనదు. ఊరుకోదు కూడా, పదిమందికి చెబుతుంది. అమ్మకందారే ఆర్డరు రద్దు చేస్తే ఆన్‌లైన్ అంగళ్లు దాన్ని లెక్కలో రాసుకుంటాయి. అలాంటివి పెరిగితే ఖాతాకే ఎసరొస్తుంది.

అదే మీరు నైటీలో, లోపలి లంగాలో, ఒకే కొలత సీసాల్లో ఆవకాయో అమ్ముతుంటే సంగతి వేరు. ఒక్కసారి పేజీ ఎక్కిస్తే ఏడాదంతా అదే. మారేది అంకె ఒక్కటే. అరడజను నిల్వ అట్టేపెట్టి మిగతావే చూపిస్తే పొరపాటు జరిగినా సర్దుకోవచ్చు. అలాంటి సరుకుకి బయటివాళ్లని పెట్టుకోవడానికి నాకు అభ్యంతరం కనబడదు. ఒక్కో చీరగా అమ్మేవాళ్లు మాత్రం "ఉంది, లేదు" అనే మీట తమ చేతిలోనే ఉంచుకోవాలి. చీర గడప దాటిన మరుక్షణం ఫోన్లో దాన్ని తీసెయ్యడానికి అర నిమిషం చాలు.

గిట్టుబాటు లెక్క

నెలకి 40 కొత్త చీరలు ఎక్కిస్తారనుకుందాం. ఒక్కోదానికి పావుగంట చొప్పున పది గంటలు. బయటివాళ్లు చీరకి 25 రూపాయలు అడిగితే నెలకి వెయ్యి. కానీ వాళ్లు చేసింది మీరు సరిచూడకుండా వదలరుగా! చీరకి మూడు నిమిషాలు వేసుకున్నా రెండు గంటలు. అంటే వెయ్యి రూపాయలకి మీకు మిగిలేది ఎనిమిది గంటలు, గంట 125 రూపాయలకి కొనుక్కున్నట్టు. చీరకి 250 మిగిలే వ్యాపారంలో నాలుగు చీరల లాభం దానికే సరి. ఆ ఎనిమిది గంటల్లో అదనంగా నాలుగు కంటే ఎక్కువ చీరలు అమ్మగలిగితే ఇవ్వండి. టీవీ ముందు గడిచిపోతాయనుకుంటే ఆలోచించండి. (విశ్రాంతికీ విలువుంది, కాదనను. అయితే అది వ్యాపారం ఖర్చులో రాయకండి!) నెలకి పదిహేను చీరలు కూడా లేనివాళ్లు బయటికివ్వడం దండగేనని నా అభిప్రాయం. వాట్సాప్ బిజినెస్‌లో 2019లో వచ్చిన కేటలాగు సదుపాయంలో 500 సరుకుల దాకా పెట్టుకోవచ్చు. దానికి పైసా ఇవ్వక్కర్లేదు.

నెమలికంఠం బ్లూ అయితే?

మనం రంగు చెప్పే తీరు వేరు. వంకాయరంగు, కనకాంబరం, గంధం, నెమలికంఠం. చీరని చేత్తో ముట్టుకోని మనిషి వీటిని పర్పుల్, ఆరెంజ్, క్రీమ్, బ్లూ అని రాసేస్తాడు. నెమలికంఠాన్ని బ్లూ అంటే కొన్నావిడ పెట్టె విప్పి "ఇందులో పచ్చ ఉందేమిటీ?" అని తిప్పి పంపుతుంది. కొరియరు ఖర్చు మన నెత్తిన.

రంగు సరే, ఇంకో చిక్కుంది. ఉప్పాడ జాంధానీకి భౌగోళిక గుర్తింపు ఉంది, మంగళగిరి చీరకీ ఉంది. మరమగ్గం మీద నేసినదానికి ఎవరో హుషారుగా "అచ్చమైన చేనేత ఉప్పాడ" అని తగిలిస్తే జవాబు చెప్పుకోవాల్సింది అమ్మినవారు. ఈ-కామర్స్ మీద 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, వర్ణనలో చెప్పినట్టు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. "రాసింది నేను కాదండీ" అంటే కుదరదు. పచ్చళ్లు, పొడులు ప్యాకెట్లలో అమ్మేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. గరిష్ఠ ధర, నికర బరువు, తయారుచేసినవారి పేరు, చిరునామా వంటివి ఆన్‌లైన్ పేజీలో కూడా చూపించాలన్న నిబంధన 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

అందుకని వర్ణన మీరే చెప్పండి. కాగితం మీద రెండు వరుసలు గీకి ఫోటో పంపినా చాలు. నేత, రంగు, పొడవు (మామూలుగా అయిదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క విడిగా ఎంతో), ఎక్కడైనా నేత లోపముంటే అదీ. ఆ వివరాలని ఏ శీర్షిక కింద పెట్టాలి, కొనేవాళ్లు ఏ మాట టైపు చేసి వెతుకుతారు, మొదటి ఫోటో వెనక తెల్లగా ఎలా చెయ్యాలి, ఇవి వాళ్లకి మనకంటే బాగా తెలుసు. ఇచ్చే డబ్బు దానికివ్వండి.

తాళంచెవుల గుత్తి

పాస్‌వర్డు, ఓటీపీ అడిగితే ఇవ్వకండి. పెద్ద అంగళ్ల ఖాతాల్లో ఇంకొకరికి విడిగా, కేటలాగు వరకే ప్రవేశం ఇచ్చే వీలుంటుంది. అది చేయించుకోండి. బ్యాంకు ఖాతా, ఫోను నంబరు మీ పేరునే ఉండాలి. మీ వాట్సాప్‌ని వాళ్ల కంప్యూటరుకి కలిపితే చీరల బొమ్మలే కాదు, మీ అత్తగారి మీద మీ అక్కయ్యకి రాసుకున్నవీ అక్కడ కనిపిస్తాయి! ఇప్పటికే కలిపి ఉంటే వాట్సాప్‌లో లింక్ చేసిన పరికరాల జాబితా తెరిచి తీసెయ్యండి.

పని అప్పగించడానికి శ్రావణమాసం ఎంచుకోకండి. వరలక్ష్మీ వ్రతం ముందు ఊపిరాడదు, తప్పు పట్టుకునే తీరిక ఉండదు. ఆషాఢంలో పది చీరలిచ్చి చూడండి. ఎన్ని తప్పులొచ్చాయి, దిద్దమంటే ఎన్నాళ్లకి దిద్దారు, దిద్దినందుకు మళ్లీ డబ్బడిగారా... అన్నీ ఆ పదింటితోనే బయటపడతాయి. దూరంగా ఉన్నవాళ్లే కానక్కర్లేదు. మీ వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి శనివారం పొద్దున్న వచ్చి, కిటికీ పక్క వెలుతురులో ఫోటోలు తీసి, మీ ఎదురుగానే ఎక్కించి వెళ్లినా పనవుతుంది. చీర చేతిలో ఉంటుంది కనక రంగు దగ్గర పేచీ రాదు.

ఎవరికిచ్చినా రెండు షరతులు ముందే కాగితం మీద రాయించుకోండి. ప్రతి నెలా సరుకు నంబర్లు, ధరలతో మొత్తం పట్టిక, అసలు ఫోటోలతో సహా మీకివ్వాలి. పని మానేసే రోజున ఏదీ అట్టేపెట్టుకోకూడదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోల మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారిదేనని 1957 నాటి కాపీరైట్ చట్టం చెబుతోంది. ఈ రెండు వరుసల మీద సంతకం పెట్టడానికి వెనకాడే వారికి ఆ పది చీరలు కూడా ఇవ్వకండి.