‘ముట్టుకోవద్దు’ అనే బోర్డు లేని ఎగ్జిబిషన్

2024 వేసవి సెలవులకి మా ఆరో తరగతి అబ్బాయి ఒకడు అమ్మతో కలిసి లండన్‌లో పెద్దమ్మగారింటికి వెళ్లొచ్చాడు. స్కూళ్లు తెరిచాక పేరెంట్-టీచర్ మీటింగ్‌లో వాళ్లమ్మగారు నన్నడిగారు: “టికెట్ కొని తీసుకెళ్లాం మేడమ్. ఒక గదిలో పడవ పెట్టారు. జనమంతా దాని మీద, గోడల మీద నీలం రంగుతో రాస్తున్నారు. మావాడూ రాశాడు, ఎవరూ వద్దనలేదు. ఇందులో ఆర్ట్ ఏముంది? పైగా ఇది యుద్ధం గురించి అంటారేంటి?”

అప్పుడు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. చదివి, కాస్త ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను.

వాళ్లు చూసింది టేట్ మోడర్న్ మ్యూజియంలో యోకో ఓనో కళాఖండాల ప్రదర్శన. గోడకు తగిలించే బొమ్మలా కాకుండా గదినంతా ఒక కళాఖండంగా అమర్చడాన్ని ఇన్‌స్టలేషన్ అంటారు. చూడడానికి వచ్చినవాళ్లు చెయ్యి వేస్తేనే అది పూర్తవుతుందంటే ఇంటరాక్టివ్ ఇన్‌స్టలేషన్. ఆ గదిలో మొదట పడవ, గోడలు, నేల అన్నీ తెలుపే. దాని పేరులోనే అది శరణార్థుల పడవ అని ఉంది. వచ్చినవాళ్లు రాసినకొద్దీ అక్షరాల మీద అక్షరాలు పడి, గదంతా నీలి సముద్రంలా మారుతుంది.

ఓనో 1933లో టోక్యోలో పుట్టారు. 1945 మార్చిలో ఒక్క రాత్రి అమెరికా విమానాలు ఆ నగరం మీద నిప్పు బాంబులు కురిపిస్తే దాదాపు లక్షమంది చనిపోయారు. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు, అంటే మన ఆరు, ఏడు తరగతుల పిల్లల వయసు. తర్వాత పల్లెకు చేరిన ఆ కుటుంబం తిండికి కూడా ఇబ్బంది పడింది. ఆకలి వేసినప్పుడు ఆమె, తమ్ముడు ఆకాశం చూస్తూ పడుకుని, తినాలనుకున్నవాటి జాబితాలు ఊహించుకునేవారట.

ఆమె 1966లో లండన్‌లోనే ప్రదర్శించిన చెస్ బోర్డు నాకు ఇంకా ఇష్టం. గళ్లు తెలుపు, రెండు వైపుల పావులూ తెలుపే. కూర్చుని ఎవరైనా ఆడొచ్చు. మన చదరంగం అన్న పేరే చతురంగ బలాల నుంచి వచ్చింది కదా. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం. ఆటే ఒక యుద్ధం. అందులో శత్రువు రంగు తీసేస్తే ఏమవుతుంది?

మా క్లాసులో చేసి చూశాం. నల్ల పావులకు తెల్ల పోస్టర్ కలర్ వేశాం (పీఈటీ సార్‌కి ముందే చెప్పాల్సింది, చెప్పలేదు). పది పన్నెండు ఎత్తుల వరకు ఆట బాగానే సాగింది. తర్వాత “ఆ గుర్రం నాది” అంటే “కాదు, నాది” అని గొడవ. ఒకమ్మాయి ప్రతి ఎత్తూ నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టింది. ఇంకొకడు చెయ్యి గాల్లో ఆపి, “ఇప్పుడు దేన్ని చంపాలి మిస్?” అన్నాడు. నేనేమీ చెప్పలేదు.

పిల్లలకి యుద్ధం ఎందుకు చూపించాలని కొందరు అడుగుతారు. ఫోన్‌లో మనవాళ్లు రోజూ కాలుస్తూనే ఉన్నారు. ఇక్కడ రక్తం ఫొటోలు లేవు. అయినా కొన్ని బరువైనవే. బెర్లిన్ యూదు మ్యూజియంలో మెనాషే కదిష్మాన్ నేల మీద పదివేలకు పైగా ఇనుప ముఖాలు పరిచారు. నోళ్లు తెరుచుకున్న ఆ ముఖాలను జనం వాటి మీద నడిచేలా అమర్చారు. అడుగు పడితే ఇనుము ఖంగుమంటుంది. అక్కడ మీ అమ్మాయి ఆగిపోతే ఫొటో కోసం చెయ్యి పట్టుకుని లాగకండి. ఆగడం కూడా తను ఇచ్చిన జవాబే. అలాగే, బయటికి రాగానే “ఏం నేర్చుకున్నావ్?” అని అడగకండి. అది మా టీచర్ల జబ్బు. ఏం రాయాలో చెవిలో చెప్పకండి.

ఆ అబ్బాయిని పడవ మీద ఏం రాశావని తర్వాత అడిగాను. అక్కడెవరూ చదవలేరని తెలుగులో రాశాడట: “అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా?” వాళ్లమ్మగారికి ఆ సంగతి నేను చెప్పేదాకా తెలియదు.

ఆ తెల్ల చెస్ బోర్డు వచ్చే మీటింగ్ రోజు మా క్లాసు బయట బల్ల మీద ఉంటుంది. మీ వంతు వచ్చేలోగా మీ పిల్లలతో ఒక ఆట ఆడండి.