వెండి కంచము

పూర్వము అనంతపురం సీమలో ఒక ఇంటి కలిమిని తెలుసుకొనుటకు వడ్డన చూచిన చాలును. కూలివాని సంగటి మట్టిచట్టిలో ఉండేది. కలిగిన రైతు కంచుపళ్ళెములో తినేవాడు. భూస్వామి ఇంట అల్లునికి వెండికంచము పెట్టేవారు.

శుద్ధమైన వెండి మెత్తనిది. కంచము చేస్తే అంచు వంగిపోతుంది. అందుచేత కొంత రాగి కలుపుతారు. స్టెర్లింగు వెండిలో నూటికి 92.5 పాళ్ళు వెండి, మిగిలినది సాధారణంగా రాగి. కంసాలి ఈ మిశ్రమమును మూసలో కరగించి, దిమ్మగా పోసి, సుత్తితో సాగగొడతాడు. కొట్టినకొద్దీ రేకు గట్టిపడుతుంది. ఇంకను కొడితే పగులుతుంది. ఎర్రగా కాల్చినచో లోపలి స్ఫటికములు కొత్తగా అమరి మరల మెత్తబడుతుంది. ఇట్లు పలుమార్లు కొట్టి, కాల్చి, చివరకు ఉలితో లతలు, హంసలు చెక్కుతాడు.

చింతపండు పులుసు ఇత్తడిని కొరికి చిలుము పుట్టిస్తుంది; అందుకే ఇత్తడికి కళాయి పూస్తారు. వెండికి ఆ భయము లేదు. దాని శత్రువు గంధకము. గాలిలో స్వల్పముగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడు, కోడిగ్రుడ్డులోని గంధకము వెండితో కలిసి నల్లని సిల్వర్ సల్ఫైడు పొరను ఏర్పరుస్తాయి. బూడిదతో తోమితే నలుపుతోపాటు వెండియు, చెక్కడమును అరిగిపోతాయి. వేడినీటిలో వంటసోడా కలిపి, అల్యూమినియం రేకుపై కంచమును ఆనించి ఉంచితే గంధకము వెండిని వీడుతుంది. వెండి కంచముననే నిలుస్తుంది. గాలి బాగా ఆడుచోట ఈ ప్రయోగమును తరగతిలో చేసి చూపవచ్చును.

ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ మెట్టసీమలో వెండి అలంకారము మాత్రమే కాదు, దాచిన ధనము కూడ. నాటి రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండియే. 1893 వరకు ఎవరైనను టంకశాలకు వెండి ఇచ్చి రూపాయలు పొందగలిగేవారు. 1876-78 నాటి ధాతకరవులో ప్రజలు అమ్ముకొన్న వెండినగలు ఎన్నో టంకశాలలకు చేరాయి. మట్టిచట్టి వానికి కరగించుకొనుటకు ఏమియు లేదు. కరవులో ఆ భేదము ప్రాణముల మీదికి వచ్చేది.

అయితే మూసలో వెండి మిగులుతుంది, పనితనము మిగలదు. కంసాలి మజూరీకి త్రాసులో బరువు లేదు. పాత కంచమును మార్చుటకు ముందు దానిపై పలుచని కాగితము పరచి పెన్సిలుతో రుద్దినచో, చెక్కిన లతయైనను దక్కుతుంది.