విక్టోరియా వేషము

విరాటుని కొలువులో అర్జునుడు బృహన్నలయై నాట్యము నేర్పిన కథ మీరెఱుగనిది కాదు. పురుషుడు స్త్రీవేషము దాల్చుట మన రంగస్థలమున వింతయు కాదు. స్థానం నరసింహారావుగారు సత్యభామయై రంగమెక్కినపుడు ఆయన పురుషుడని యెఱిగియే జనులు మురిసిపోయిరి. ఇక స్త్రీయే తాను పురుషుడనని నమ్మించి, ఆ పురుషుడు మరల స్త్రీవేషము కట్టినట్లు నటించినచో నెట్లుండును? ఈ మెలికపైననే 1933లో జర్మనీలో 'విక్టర్ ఉండ్ విక్టోరియా' యను హాస్యచిత్రము వెలువడినది. దీనిని రచించి, దర్శకత్వము వహించినవాడు రైన్‌హోల్డ్ షూంట్సెల్.

సుసాన్నె యను యువతి గాయనిగా బ్రతుకదలచి బెర్లినులో కొలువునకై తిరుగుచుండును. విక్టర్ హెంపెల్ తాను విషాదనాటకములకే పుట్టిన మహానటుడనని నమ్మినవాడు. లోకము మాత్ర మాతనికి స్త్రీవేషమే యిచ్చినది. ఒకనాడు జలుబుచే నాతని గొంతు పోయెను. ఆనాటి ఆట విడువజాలక, తనకు బదులుగా సుసాన్నెను పంపెను. ఆమె పాడి, ఆడి, తుదకు విగ్గు తీసి చూపగా, 'ఔరా, మగవాడే!' యని సభ కరతాళధ్వనులు చేసెను. స్త్రీ స్త్రీగా పాడినంతకాలము ఆమెను పిలిచినవారు లేరు. పురుషుడని భ్రమపడిన పిమ్మట దేశదేశముల నుండి పిలుపులు వచ్చినవి!

లండనులో రాబర్టు అను సంపన్నుడు ఆమె గుట్టు కనిపెట్టును. కనిపెట్టియు బయటపెట్టడు, ఆమెను మగవానిగనే మన్నించుచు వినోదము చూచును. విస్కీ త్రాగించును, చుట్ట కాల్పించును, క్షౌరశాలకు తీసికొనిపోయి గడ్డము గీయించుకొమ్మనును. గడ్డమే లేని చెంపలపై నుఱుగు పూయించుకొని కూర్చున్న రెనాటె ముల్లర్ ముఖము చూడవలసినదే కాని చెప్పనలవి కాదు.

నాబోటి పాతకాలపు పంతులును మిక్కిలి యాకర్షించినది దీనిలోని భాష. పాత్రలు మాటాడుచు మాటాడుచునే అంత్యప్రాసలలోనికి జాఱుదురు. ఆ ప్రాసలు లయను పట్టుకొని పాటగా మాఱును. మాట యెచట ముగిసినదో, పాట యెచట మొదలైనదో తెలియదు. మన నాటకములలో నటుడు రాగమెత్తుకొనుటకై కథ ఆగి నిలుచును. ఇచట కథయే రాగమున నడచును. టాకీలు పుట్టి యెంతో కాలము కాలేదు. శబ్దమును కేవలము సంభాషణకు కాక, ఇట్లు క్రీడకు వాడుకొనుట సామాన్యము కాదు. స్వరకర్త ఫ్రాంట్స్ డోలె. ఆ దినములలో అన్యభాషాగళముల నతికించు పద్ధతి ఇంకను స్థిరపడలేదు కనుక, ఫ్రెంచివారికై వేఱొక చిత్రమునే అప్పుడే తీసిరి.

తొలిసారి చూచినపుడు నేను నవ్వితిని, అంతే. తరువాత ఆ సంవత్సరపు చరిత్ర చదివితిని. 1933 జనవరి 30న హిట్లరు జర్మనీకి ఛాన్సలరయ్యెను. మార్చి 29న ఊఫా సంస్థ తన కొలువులోని యూదులను తొలగింప నిశ్చయించెను. ఆ ఊఫాయే డిసెంబరు 23న బెర్లినులో ఈ చిత్రమును విడుదల చేసినది. షూంట్సెల్ తల్లి వలన యూదుసంతతివాడు. ప్రత్యేకానుమతిపైననే పని చేయుచుండెను. ఏనాడు ఆ యనుమతి తప్పునో యెఱుగని మనుష్యుడు, 'నీవెవరవో ఋజువు చేయు' మను ప్రశ్నపై ఇంత తేలికయైన హాస్యమెట్లు అల్లగలిగెనో!

1937లో ఆతడు అమెరికాకు వెడలిపోయెను. రాబర్టు పాత్రధారి ఆడోల్ఫ్ వోల్‌బ్రూక్ అంతకు ముందే దేశము విడిచి, ఇంగ్లండులో ఆంటన్ వాల్‌బ్రూక్ అను పేరుతో ఖ్యాతి గడించెను. రెనాటె ముల్లర్ 1937 అక్టోబరులో, 31 యేండ్ల ప్రాయమున, కిటికీనుండి పడి మరణించెను; కారణము నేటికిని వివాదగ్రస్తమే. కథ మాత్రము బ్రతికినది. 1935లో ఇంగ్లండులోను, 1982లో జూలీ ఆండ్రూస్‌తో అమెరికావారి చేతను అది మరల చిత్రింపబడినది.

రెండవసారి చూచినపుడు నన్ను పట్టి నిలిపినది చిత్రాంతమునందలి ఘట్టము. సుసాన్నె వేషము చాలించి రాబర్టును చేరును. ఆమె స్థానమున విక్టరే గౌను తొడిగి తడబడుచు రంగమెక్కి, సభను కడుపుబ్బ నవ్వించును. అంతలో 'విక్టోరియా నిజముగా ఆడుదియట' యని విన్న పోలీసులు తనిఖీకి వత్తురు. పరీక్షింతురు. అన్నియు సవ్యముగనే యున్నవని చెప్పి పోవుదురు.