జడుపా? జబ్బా?

చిన్నప్పుడు మా ఊళ్లో వినాయక నవరాత్రులకు మండపం దగ్గర టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి తెల్లవార్లూ సినిమాలు వేసేవాళ్లు. రాంగోపాల్ వర్మ 'రాత్రి' నేను చూసింది అక్కడే. 1992లో వచ్చిన సినిమా అది. రేవతి చూపులు, ఆ పిల్లి ఇప్పటికీ గుర్తే. మండపానికి నాలుగిళ్ల అవతలే మా ఇల్లు. అయినా ఆ రాత్రి ఒక్కడినే వెళ్లలేకపోయాను. తర్వాత నెల రోజుల దాకా పిల్లి ఎదురైతే పక్క సందులోంచి వెళ్లేవాడిని.

మీకూ అలాంటి సినిమా ఒకటి ఉండే ఉంటుంది. 1986 నాటి 'కాష్మోరా' కావచ్చు. 2009 నాటి 'అరుంధతి' కావచ్చు. మీ పిల్లలకైతే 2022లో వచ్చిన 'మసూద' కావచ్చు. అప్పుడు వణికించిన సినిమా ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎందుకంటే అక్కడ భయం ఉంది కానీ ప్రమాదం లేదు. ఆసుపత్రిలో మేం చూసేది చాలాసార్లు దీనికి తలకిందులు. ప్రమాదం ఉంటుంది, భయం ఉండదు. ఒక్కోసారి ఈ రెండూ కలగలిసిపోతాయి. అప్పుడే అసలు చిక్కు.

'సినిమా చూసి జడుసుకున్నడు సార్'

ఒక వానాకాలం తెల్లవారుజామున పాలమూరు పల్లె నుంచి పదమూడేళ్ల బాబును తీసుకొచ్చారు. రాత్రి ఫోన్‌లో దెయ్యం సినిమా చూస్తూ చూస్తూ సగంలో ఆపి, నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక కడుపునొప్పి అంటూ లేచాడు. ఒకసారి వాంతి చేసుకున్నాడు. మాట ముద్దగా వస్తోంది. 'సినిమా చూసి జడుసుకున్నడు సార్. తాయెత్తు కట్టిచ్చినం' అన్నాడు తండ్రి. మంత్రం వేయించడానికి పక్క ఊరికి వెళ్లి రావడంలో రెండు గంటలు గడిచిపోయాయి.

కళ్లు తెరవమన్నాను. బాబు నుదురు ముడిచి ప్రయత్నిస్తున్నాడు కానీ రెప్పలు లేవడం లేదు. భయపడ్డవాడి కళ్లు పెద్దవవుతాయి, ఇలా వాలిపోవు. అది కట్లపాము కాటు.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. ఇళ్లలోకి వచ్చి నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. చాలామందికి నొప్పి తెలియదు, వాపు రాదు, గాటు కూడా సరిగా కనిపించదు. కొన్ని గంటల్లో కడుపునొప్పి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం, మాట తడబడటం మొదలవుతాయి. చివరికి శ్వాస కండరాలు పనిచేయవు. బాబుకు విషానికి విరుగుడు మందు ఇచ్చి, వెంటిలేటర్ మీద పెట్టాం. నాలుగో రోజు గొట్టం తీశాక వాడు అన్న మొదటి మాటలివి: 'అన్నీ ఇనవడ్డయ్ సార్. కండ్లే తెరవనీకి రాలే.' ఏ సినిమా చూసినా నాకు అంత భయం వేయలేదు.

తెర ముందు ఒంట్లో ఏం జరుగుతుంది?

మెదడు లోపల బాదం గింజ ఆకారంలో అమిగ్డాలా అనే భాగం ఉంటుంది. ప్రమాదం అనిపించగానే గంట మోగించేది అదే. వెంటనే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులకు చెమట పడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. తెర మీద దెయ్యం దూకినా, ఎదురుగా పాము పడగ విప్పినా మోగేది ఒకే గంట. సినిమా హాల్లో మాత్రం మెదడు ముందుభాగం 'ఇది సినిమా, నువ్వు కుర్చీలోనే ఉన్నావు' అని సర్ది చెబుతుంది. అందుకే డబ్బులిచ్చి మరీ భయపడి, నవ్వుకుంటూ ఇంటికి వస్తాం. చిన్నపిల్లల్లో ఈ సర్ది చెప్పే భాగం ఇంకా పూర్తిగా ఎదగదు. పెద్దలు గంటలో మరిచిపోయేది వాళ్లను వారాల తరబడి వెంటాడేది అందుకే.

సినిమాలో దెయ్యం వచ్చే ముందు సంగీతం హెచ్చరిస్తుంది. అసలు ప్రమాదాలకు ఆ వసతి ఉండదు. కాబట్టి ఎంత భయం వేసిందన్నది కొలత కాదు. లక్షణాలే కొలత.

గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు..

మెలకువ వచ్చింది కానీ కాలూ చేయీ కదలదు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. అరుద్దామంటే గొంతు పెగలదు. దెయ్యం పట్టిందని చాలామంది అనుకునే ఈ స్థితిని నిద్ర పక్షవాతం అంటాం. కలలు వచ్చే నిద్రలో, మనం కలను నిజమనుకుని లేచి పరుగెత్తకుండా మెదడు కండరాలను సడలించి ఉంచుతుంది. ఒక్కోసారి మెలకువ ముందు వచ్చి, కండరాలు కాస్త ఆలస్యంగా తేరుకుంటాయి. నిద్ర చాలనివాళ్లలో, నైట్ షిఫ్టులు చేసేవాళ్లలో, వెల్లకిలా పడుకున్నప్పుడు ఇది ఎక్కువ. కొన్ని సెకన్లలో, మహా అయితే కొద్ది నిమిషాల్లో దానంతటదే పోతుంది. ప్రాణానికి ముప్పు లేదు.

కట్లపాము కాటుకు, దీనికి తేడా ఇక్కడే ఉంది. జడుపు నిమిషాల్లో తగ్గుముఖం పడుతుంది. విషం గంట గంటకూ ముదురుతుంది.

గుండె దడకూ ఇదే లెక్క. పానిక్ అటాక్‌లో చచ్చిపోతామన్నంత భయం వేస్తుంది. సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. గుండెపోటులోనేమో చాలామంది భయపడరు. 'గ్యాస్' అనుకుని సోడా తాగి పడుకుంటారు. ఛాతీలో పట్టేసినట్టున్నా, నొప్పి ఎడమ చేతికీ దవడకూ పాకుతున్నా, చెమటలు పోస్తున్నా ఈసీజీ తీయించాల్సిందే. నలభై దాటినవాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. తొలిసారి దడ వచ్చినప్పుడు అది పానిక్ అటాకే అని ఇంట్లో తేల్చుకోకండి.

చప్పుడు చేయని భయాలు

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు పెద్దలను అడగండి. తరాలను వంచేసిన ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. బిందెలో తేటగానే కనిపించేది. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట కూడా 1.5 మిల్లీగ్రాములే హద్దు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లకు గార, తర్వాత కీళ్లు, వెన్ను బిగుసుకుపోవడం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు వచ్చింది ఈ జిల్లా వల్లే. ఇప్పుడు నదీజలాలు నల్లాల్లో వస్తున్నాయి. అయినా పొలం దగ్గర బోరు నీళ్లు తాగే అలవాటు కొన్నిచోట్ల పోలేదు. పరీక్ష చేయించని బోరు నీళ్లు తాగొద్దు, పిల్లలకు అసలే పట్టొద్దు.

బీపీ కూడా అలాంటిదే. 140/90 దాటినా చాలామందికి తలనొప్పి కూడా రాదు. ముప్పై దాటినవాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. బాగున్నప్పుడే వెళ్లండి.

ఇంట్లో గుర్తుంచుకోండి

* వానాకాలంలో నేల మీద పడుకోవద్దు. మంచం వేసుకోండి. దోమతెర అంచులు పరుపు కిందికి మడవండి. రాత్రి బయటికి వెళ్తే టార్చి లేకుండా అడుగు వేయొద్దు.
* పాము కాటు అనుమానం వస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. పసర్లు, మంత్రాలతో కాలం పోగొట్టొద్దు. పామును వెతుకుతూ ఆగొద్దు. కాటు పడ్డ కాలు లేదా చేయి కదలకుండా కర్ర ఆసరాగా పెట్టి 108కు ఫోన్ చేయండి.
* రాత్రి నిద్రలో లేచిన మనిషికి రెప్పలు వాలుతున్నా, మింగలేకపోతున్నా, కారణం తెలియని కడుపునొప్పి ఉన్నా, కాటు కనిపించకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.
* చిన్నపిల్లలకు పడుకునే ముందు భయపెట్టే సినిమాలు వద్దు. భయపడితే వెక్కిరించకండి. 'బూచోడు వస్తాడు' అని బెదిరించి అన్నం తినిపించకండి. ఆ భయం నెల దాటినా తగ్గకపోతే, పక్క తడపడం, బడికి వెళ్లననడం మొదలైతే డాక్టర్‌కు చూపించండి.

ఆ బాబు నెల తర్వాత తల్లితో కలిసి చూపించుకోవడానికి వచ్చాడు. 'ఆ సినిమా సగంల ఆపిన గద సార్. మొన్న మిగిలింది చూసిన. నవ్వొచ్చింది' అన్నాడు. మరి పడక సంగతేంటని అడిగాను. తల్లే జవాబిచ్చింది. 'మంచం కొన్నం సార్. దోమతెర వాడే కట్టుకుంటున్నడు.'