ఒడ్డు నిలవని రేవులు

నిజామాబాద్ జిల్లాకు సముద్రం లేదు. ఎటు బయలుదేరినా వందల కిలోమీటర్లు పోతే గానీ ఉప్పునీళ్ళు కనిపించవు. అలాగని చేపలవేట లేదనుకుంటే పొరపాటే. వానాకాలం చివర పోచంపాడ్ దగ్గర గోదావరికి కట్టిన శ్రీరాంసాగర్ కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కంటికి ఆనదు. జలాశయం నిండినప్పుడు నీళ్ళు పరుచుకునే మేర దాదాపు 450 చదరపు కిలోమీటర్లు. మధ్యాహ్నం గాలి లేస్తే అలలు కట్ట రాళ్ళను వరసగా కొడుతుంటాయి. ఆ గాలికి పెద్ద పడవలే వెనక్కి తిరుగుతాయి, ఇక థర్మాకోల్ తెప్ప మీద ఒక్కడే వెళ్ళినవాడి సంగతి చెప్పేదేముంది?

సముద్రపు ఊరికి, ఈ ఊళ్ళకు ఒక్కటే తేడా. అక్కడ ఒడ్డు ఉన్నచోటే ఉంటుంది. ఇక్కడ ఏటా జరుగుతుంది.

శ్రీరాంసాగర్ పూర్తి నీటిమట్టం 1,091 అడుగులు. ఆ గీతకు నీళ్ళు చేరినప్పుడు నందిపేట, డొంకేశ్వర్ మండలాల ఊళ్ళ అంచుదాకా గోదావరి వస్తుంది. యాసంగికి కాలువలు వదలడం మొదలైతే గీత దిగుతుంది. ఎండాకాలానికి నీళ్ళు ఎంత వెనక్కి పోతాయంటే, దీపావళికి తెప్ప కట్టేసిన చోట ఉగాదికి గొర్లు మేస్తుంటాయి. నీళ్ళు తీసిన శిఖం భూమిలో తడి ఆరకముందే రైతులు విత్తనం వేసుకుంటారు. మొలిచిన గడ్డి కోసం కృష్ణజింకలు మందలుగా వస్తాయి. నిలిచిన మడుగుల చుట్టూ కొంగలు, దూరదేశపు పక్షులు. వాటి ఫొటోల కోసం హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చేవాళ్ళు పెద్ద పెద్ద లెన్సులతో దిగుతారు. వాళ్ళ ఫ్రేములో వెనక ఎక్కడో, వల భుజాన వేసుకుని బురదలో నీళ్ళ దాకా నడిచిపోతున్న మనిషి చుక్కలా పడతాడు. ఈ కథనం ఆ చుక్క గురించి.

గంగపుత్రులు, ముదిరాజులు ఈ జిల్లాలో వేట మీద బతికే ప్రధాన కులాలు. చెరువుల మీద హక్కు ఎవరిదన్న పేచీ ఆ రెండింటి మధ్య పాతదే, ఇంకా తేలలేదు. ఊరి చెరువైతే మత్స్య సహకార సంఘం కౌలుకు తీసుకుంటుంది. శ్రీరాంసాగర్, నిజాంసాగర్ లాంటి జలాశయాల్లో మాత్రం మత్స్యశాఖ ఇచ్చే లైసెన్సు ఉండాలి. చేపలు గుడ్లు పెట్టే జూలై, ఆగస్టు నెలల్లో వేట బంద్. మిగతా కాలమంతా పని ఒకే తీరు. పొద్దుగూకేముందు వల వేసి రావాలి, కోడి కూయకముందు పోయి తీయాలి.

ఆ తీయడం దగ్గరుండి చూడాల్సిన పని. థర్మాకోల్ ముక్కలు ప్లాస్టిక్ సంచిలో కుక్కి తాళ్ళతో బిగిస్తే అదే తెప్ప. లారీ ట్యూబు మీద పోయేవాళ్ళూ ఉన్నారు. మనిషి మోకాళ్ళ మీద కూర్చుని ఒక చేత్తో తెడ్డు ఆడిస్తూ, రెండో చేత్తో వల అంచు అందుకుంటాడు. వల బరువు చెయ్యి చెబుతుంది. లాగుతుంటే మొదట నాచు, తర్వాత మట్టిరంగు నీళ్ళలోంచి తెల్లగా ఒక మెరుపు. బొచ్చె అయితే పెద్ద తలకాయ వల కన్నులో ఇరుక్కుని తోక కొట్టుకుంటుంది. దాన్ని ముందుకు లాగితే వల తెగుతుంది, అందుకని మొప్పల కింద బొటనవేలు పెట్టి వెనక్కి తోసి విడిపిస్తారు. పెద్ద వేటగాళ్ళ బొటనవేళ్ళు చూడండి, గోరు పక్కన చర్మం కాయలు కాసి ఉంటుంది. రవ్వ, బంగారుతీగ, అప్పుడప్పుడు జెల్ల, అదృష్టం బాగుంటే వాలుగ. నీలకంఠ రొయ్య పడిన రోజు ఇంటికి హుషారుగా నడుస్తారు.

తెల్లవారేసరికి ఒడ్డు మీద తూకం కాటా, ఐసు నింపిన డబ్బాలు, బేరగాడి బండి సిద్ధం. వలకు, పడవకు అప్పు ఎవరు ఇచ్చారో సరుకు వాళ్ళకే పోవాలి. రేటు కూడా వాళ్ళ నోటినుంచే వస్తుంది. ఇది సముద్రపు రేవుల్లోనూ ఉన్న కథే కనుక దీన్ని ఇంతకంటే సాగదీయను.

మిగిలిన చిన్న చేప ఆడవాళ్ళ గంపలోకి వస్తుంది. నిజామాబాద్ సందుల్లో, బోధన్ అంగట్లో కత్తిపీట ముందు కూర్చుని, "కొర్రమీను ఉంది తీస్కపో అన్నా, పానం మీదున్నది" అని పిలిచే పెద్దమ్మ చేతి వేగం చూస్తే ముచ్చటేస్తుంది. కొర్రమీనుకు జిగురెక్కువ. బూడిద పట్టించి బండ మీద రుద్దితే గానీ పట్టు దొరకదు. 2016లో దాన్నే తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. కొన్న చేపకు ఇంటికెళ్ళగానే ఉప్పు, పసుపు రాస్తారు. పసుపుకు ఇక్కడ కొదవేముంది, జాతీయ పసుపు బోర్డే నిజామాబాద్‌కు వచ్చింది.

ఈ జలాశయాలు ఎవరి కోసం కట్టారో చెప్పకుండా కథ ముందుకు సాగదు. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించింది ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన జూలై 11నే తెలంగాణ ఇంజినీర్ల దినంగా జరుపుకుంటోంది. రెండున్నర లక్షల పైచిలుకు ఎకరాలకు నీళ్ళివ్వడం లక్ష్యం. కాలువ బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు పారింది. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి దిగారు, వాళ్ళ క్యాంపులు నేటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి. చెరకు వేశారు. ఆ చెరకు కోసం బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. రుద్రూరులో చెరకు పరిశోధన కేంద్రం వచ్చింది. 2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించి గేటు మూశారు. తిరిగి తెరుస్తామన్న హామీ ఆ తర్వాత ప్రతి ఎన్నికలోనూ వినిపించింది.

చెరకు పోయింది, వరి వచ్చింది. నీళ్ళ లెక్క మాత్రం మారలేదు. నిజాంసాగర్ అయినా, 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ అయినా, పుస్తకాల్లో టీఎంసీలు, ఎకరాలు, మెగావాట్లు ఉంటాయి. చేప అన్న గడి ఉండదు. నీళ్ళలో ఉన్న జీవం నీళ్ళ లెక్కలోకి రాకపోవడం నా దృష్టిలో ఈ ప్రాజెక్టుల పుట్టుకలోనే ఉన్న లోపం.

దాని ఫలితం ఒడ్డు మీద తెలుస్తుంది. కాలువకు ఎంత వదలాలి, ఎప్పుడు ఆపాలి అన్నది జిల్లా సాగునీటి సలహా మండలి, రాష్ట్రస్థాయి శివమ్ కమిటీ తేలుస్తాయి. మండలిలో ఎమ్మెల్యేలు, ఇంజినీర్లు, కలెక్టరు, రైతుల ప్రతినిధులు. వేటగాడు లేడు. పైన మహారాష్ట్రలో బాబ్లీ బరాజ్ గేట్లు సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా తెరిచి ఉండాలి. ఆ తర్వాత దిగుతాయి, మార్చి 1న 0.6 టీఎంసీ వదలాలి. కాలువ గేటు కింద, బాబ్లీ గేటు పైన. నడుమ వలేసుకుని కూర్చున్నవాడికి రెండింటి మీదా మాట చెల్లదు. "గేట్లు మన చేతుల లేవు గదా" అన్నది ఇక్కడి ఒడ్డున మామూలుగా వినిపించే మాట.

పూడిక ఇంకో దెబ్బ. శ్రీరాంసాగర్ కట్టినప్పుడు 112 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 80 చిల్లర. నిజాంసాగర్ దాదాపు ముప్పై నుంచి 17.8కి దిగింది. రైతుకు అది ఆయకట్టు కోత. చేపకు అది ఎండాకాలంలో తలదాచుకునే లోతైన మడుగు పూడిపోవడం. వేసవిలో మిగిలిన ఆ కాస్త లోతులోకే అన్ని వలలూ దిగుతాయి, తల్లి చేప మిగలదు.

2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకం మంచిదే, కాదనను. చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్లు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల ఇవ్వాలని నిబంధన. చిన్న పిల్లను పెద్ద నీళ్ళలో వదిలితే పెద్ద చేపల నోట్లోకే పోతుంది కనుక ఆ కొలత పెట్టారు. వదిలే రోజు ఫొటోలో నాయకుడి చెయ్యి, ప్లాస్టిక్ కవరు కనిపిస్తాయి. పిల్ల సైజు కనిపించదు. కొలబద్ద పట్టుకుని సంఘం మనిషి ఒకడు పక్కన నిలబడితే ఖర్చేమీ ఉండదు.

చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు ఒక మాట. పోచంపాడ్ కట్ట దగ్గర వేయించిన చేప తిని తిరిగి రాకండి. కందకుర్తి దాకా వెళ్ళండి, రెంజల్ మండలంలో గోదావరి, మంజీర, హరిద్ర కలిసేచోటు. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది అక్కడే. వరదలో పూర్తిగా మునిగి, ఎండల్లో బయటపడే పాత శివాలయం నదిలోనే ఉంది. బోధన్ దారిలో జానకంపేట అశోక్‌సాగర్ గుండ్లు, అలీసాగర్ తోట కూడా చూసిరావచ్చు. ఆర్మూర్ దారిలో అంకాపూర్ వస్తే అందరూ నాటుకోడికి ఆగుతారు. ఒక పల్లె కోడికి దేశమంతా పేరు వచ్చింది గానీ, ఇదే జిల్లాలో పారే గోదావరి చేపకు ఆ పేరు రాలేదు. దానికి చేపది తప్పు కాదు. ఐసు గది లేదు, శుభ్రం చేసే షెడ్డు లేదు, పేరు పెట్టి అమ్మే సంఘం లేదు.

వచ్చే యాసంగికి ముందు సలహా మండలి మళ్ళీ కూర్చుంటుంది. ఆ బల్ల చుట్టూ మత్స్య సంఘాల వాళ్ళకు రెండు కుర్చీలు వేయండి. ఎండాకాలంలో ఏ మట్టం కిందికి దించకూడదో వాళ్ళను కూడా అడిగి రాసుకోండి. జిల్లా కలెక్టరూ, మత్స్యశాఖా తలుచుకుంటే దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.